టేపు పట్టుకుని కొండ మెట్ల మీద



మునిసిపల్ పార్కు గేటు పక్కన ఒక బోర్డు ఉంటుంది. ఉదయం అయిదు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ప్రవేశం అని రాసి ఉంటుంది. ఊరిని బట్టి గంటో అరగంటో తేడా ఉండొచ్చు గానీ, మధ్యాహ్నం గేటుకు తాళం పడటం చాలాచోట్ల మామూలే. ఇప్పుడు నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఒకావిడ రోజు ఎలా గడుస్తుందో చూడండి. చీకటితో లేచి పంపు నీళ్ళు పట్టుకుని, పిల్లలకు అన్నం వండి, ఆరున్నరకల్లా మొదటి ఇంటి గుమ్మంలో ఉంటుంది. ఒంటిగంటకు ఇల్లు చేరుతుంది. సాయంత్రం మళ్ళీ అంట్లకు వెళ్ళాలి. ఆమెకంటూ మిగిలేది రెండు నుంచి నాలుగు దాకా. సరిగ్గా అప్పుడే పార్కుకు తాళం! ఆ ఎండలో ఎవరు నడుస్తారండీ అంటారేమో. కార్తీకం నుంచి మాఘం దాకా హాయిగా నడవచ్చు. మిగతా రోజుల్లో చెట్టు కింద కాసేపు పిల్లల్ని ఆడించుకోవచ్చు. ఆ బోర్డు రాసినవాళ్ళకు ఆమె మీద పగేమీ లేదు. వేళలు నిర్ణయించిన గదిలో ఆమె లేదు, అంతే.

ఆమె ఆ గదిలోకి ఎలా వెళ్ళాలి, వెళ్ళి ఏం అడగాలి, అడగడం ఎవరు నేర్పాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. చాకిరీ చేసి ఒళ్ళు హూనమయ్యేవాళ్ళకు మళ్ళీ వ్యాయామమేమిటని పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అడుగుతారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు పాతదే. సింకు ముందు వంగి నిలబడటం, బస్తాలు మోయడం ఒంటిని అరగదీస్తాయి. ఊపిరి నిండా గాలి పీలుస్తూ, మనకు నచ్చిన వేగంతో అరగంట నడవడం ఒంటికి బలమిస్తుంది. రెండూ ఒకటి కావని ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్ళు చాలామంది అంటారు. పైగా బస్తీల్లో అందరిదీ మోతపనేమీ కాదు. ఆటో నడిపేవాడు పన్నెండు గంటలు సీటులోనే ఉంటాడు. కుట్టుమిషను ముందు కూర్చున్నావిడకు కదిలేది కాళ్ళు మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి 15 రాష్ట్రాల్లో చేయించిన మధుమేహ అధ్యయనం 2017లో అచ్చయింది. ఆర్థికంగా ముందున్న రాష్ట్రాల పట్టణాల్లో కలిగినవాళ్ళ కన్నా లేనివాళ్ళలోనే షుగరు ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. డబ్బున్నవాళ్ళ జబ్బు అన్న పేరు దానికి ఇక చెల్లదు.

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2022 లెక్క ప్రకారం మన దేశంలో దాదాపు సగం మంది ఆపాటి కూడా చేయడం లేదు. ఆడవాళ్ళలోనైతే ఇది 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. ఇంత తేడా బద్ధకం వల్ల వచ్చిందంటే నేను నమ్మను. రాత్రి ఎనిమిదింటికి మగవాడు రోడ్డు మీదికి వెళ్ళడానికీ, ఆడమనిషి వెళ్ళడానికీ మధ్య ఉన్న తేడా అది. వీధి దీపం, వైన్ షాపు, కుక్కలు, తోడు... ఇవన్నీ ఆ అంకెలో ఉన్నాయి.

ఇలాంటి అడ్డంకులను అక్కడి జనమే పట్టి చూపించిన ఒక ఊరి సంగతి చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈస్ట్ పాలో ఆల్టో అని ఒక చిన్న నగరం ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున, ఫేస్‌బుక్ వాళ్ళ పెద్ద కార్యాలయం ఉన్న మెన్లో పార్కును ఆనుకుని ఉంటుంది. పక్కనున్న పాలో ఆల్టో వైపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, లక్షల డాలర్ల ఇళ్ళు. మధ్యలో 101 నంబరు హైవే. ఈ పక్కన చాలాకాలం నల్లజాతివాళ్ళు, మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, పసిఫిక్ దీవులవాళ్ళు, ఎక్కువమంది తక్కువ ఆదాయాలవాళ్ళే. 1983 దాకా దానికంటూ ఒక నగర పాలక మండలే లేదు. 1992లో జనాభా నిష్పత్తిలో చూస్తే దేశం మొత్తంలో ఎక్కువ హత్యలు జరిగిన ఊరుగా పేరు పడింది. హైవే ఆ ఊరిని కూడా రెండు ముక్కలు చేసింది. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ ప్రత్యేకంగా హైవే మీద వంతెన తెరిచింది 2019లో.

అలాంటి చోట స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాల ఆచార్యురాలు ఆబీ కింగ్, ఆమె సహచరులు ఒక పని మొదలుపెట్టారు. ప్రభుత్వ వసతి గృహాల్లో ఉండే వృద్ధులను కలిసి, మీరు నడవాలి, తినే తిండి మార్చుకోవాలి అని ఉపన్యాసాలివ్వలేదు. మీరు రోజూ వెళ్ళే దారిలో మామూలుగానే వెళ్ళండి, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఒక ఫొటో తీయండి, ఎందుకు తీశారో నోటితో చెప్పండి అన్నారు. దానికోసం ఒక మొబైల్ పనిముట్టు తయారుచేశారు. నడిచిన దారి మ్యాపు అదే గీసుకుంటుంది, ఫొటో ఏ చోట తీశారో గుర్తుపెట్టుకుంటుంది, మాటను రికార్డు చేస్తుంది. మంచి అయితే నవ్వు ముఖం, చెడు అయితే మూతి ముడిచిన ముఖం నొక్కితే చాలు. చదువు అవసరం లేదు. తర్వాత అందరూ కూర్చుని ఫొటోలు బల్లమీద పరుచుకుని, వాటిలో ముందు దేన్ని పట్టుకోవాలో తేల్చుకుంటారు. అప్పుడు నగర అధికారుల దగ్గరికి వెళతారు. చూడటం, చర్చించడం, అడగడం, సాధించడం. 'అవర్ వాయిస్' పేరుతో ఈ పద్ధతి ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ఉంది.

దీనికి మూలం ఇంకా పాతది. 1990ల మొదట్లో చైనాలోని యునాన్‌లో పల్లె ఆడవాళ్ళ చేతికి కెమెరాలిచ్చి వాళ్ళ బతుకును వాళ్ళే చూపించుకొమ్మని కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ ఒక ప్రయత్నం చేశారు. అంతకుముందు 1985లో మన బొంబాయిలో పేవ్‌మెంట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళను ఖాళీ చేయించవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, స్పార్క్ అనే సంస్థ తోడుగా ఆ గుడిసెలవాళ్ళు తమ జనాభా లెక్క తామే తీసుకున్నారు. సర్కారు లెక్కల్లో లేనివాళ్ళు తమను తాము లెక్కకట్టుకుని కాగితాలు చేతబట్టుకుని వెళ్ళారు. మహిళా మిలన్ అన్న ఆడవాళ్ళ సంఘం పుట్టింది ఆ తర్వాతే. కాబట్టి ఇదేదో అమెరికా వాళ్ళు మనకు నేర్పాల్సిన విద్య అనుకోనక్కరలేదు. ఫోను వాళ్ళది, పని మనకు తెలిసినదే.

ఇక మన దగ్గరకు వద్దాం. విజయవాడలో కొండల మీద ఇళ్ళు చూడనివాళ్ళు ఉండరు. వన్‌టౌన్ వెనక, విద్యాధరపురంలో, గుణదలలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అక్కడ వీధి అంటే మెట్ల వరసే. ఒక కొండ మీద పొదుపు సంఘం ఆడవాళ్ళతో కలిసి నేనూ మెట్లెక్కాను. వాళ్ళ ఆర్పీ (రిసోర్స్ పర్సన్) చేతిలో దర్జీ టేపు, ఇంకొకావిడ దగ్గర ఫోను. మెట్టు మెట్టుకూ ఎత్తు కొలుస్తున్నారు. ఒకటి ఏడంగుళాలు, పైది పదకొండు, దాని పైది అయిదున్నర. ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉంది. ఒకచోట నీళ్ళ పైపు మెట్టుకు అడ్డంగా, చీలమండ ఎత్తులో పోతోంది. దాని పక్కనే పాచి. కొంచెం పైన అరుగు మీద కూర్చున్న ఒక మామ్మను, "కిందకి దిగుతుంటారా మామ్మగారూ?" అని ఫోను పట్టుకున్నావిడ అడిగింది.

"ఎక్కితే ఆయాసమేనమ్మా, దిగేటప్పుడే భయం. పట్టుకోడానికి ఒక్క ఊచ లేదు. పింఛను రోజున మనవడు చెయ్యి పట్టుకుంటే దిగేదాన్ని."

పింఛను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు కదా అని ఎవరో అన్నారు. "అదీ పోయింది, అప్పుడన్నా నెలకోసారి దిగేదాన్ని" అంది మామ్మ. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట చాలా లోతైనదనిపించింది. ఇంటికే సేవ అందించడం మంచి పనే, కానీ ఆమె కాళ్ళకు మిగిలిన ఒక్క దారీ దానితో మూసుకుపోయింది. ఏ సర్వేలోనూ ఈ ముక్క రాదు. ఫోనులో మాత్రం ఆమె గొంతుతో సహా రికార్డయింది.

ఇలా తిరిగొచ్చాక ముప్పై నలభై ఫొటోలు పోగవుతాయి. అసలు శిక్షణ ఇక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. ఫొటోలు తీయడం ఎవరైనా తీస్తారు. ముప్పై కష్టాల్లోంచి ఒక్కటి ఎంచుకోవడమే కష్టం. ఎవరి గుమ్మం ముందు గుంట వాళ్ళకు పెద్దది. పైన ఉన్నవాళ్ళు దీపం అంటారు, కిందవాళ్ళు మురుగు కాలువ అంటారు. అన్నీ కలిపి ఒకే దరఖాస్తులో రాసిస్తే అధికారి చదివేది మొదటి రెండు వరుసలే. అందుకని పోటీ పెట్టుకోవాలి. దీనివల్ల ఎంతమందికి మేలు, ఖర్చు ఎంత, మూడు నెలల్లో అయ్యే పనేనా, దీన్ని చేయాల్సింది ఎవరు అని ఒక్కొక్క ఫొటోనూ ప్రశ్నించాలి. ఆ సాయంత్రం గంటన్నర గొడవపడ్డాక కొండమీది ఆడవాళ్ళు మెట్లకు ఒక పక్క ఇనుప గొట్టాల రెయిలింగు, మలుపులో రెండు దీపాలు అడగాలని తేల్చారు. ఓపెన్ జిమ్ ఒక్కరూ అడగలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. రంగురంగుల ఆ పనిముట్లు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ప్రారంభోత్సవానికి ఫొటో బాగా వస్తుంది. కానీ చీర కట్టుకున్న ఆడమనిషి నలుగురూ చూస్తుండగా ఆ ఊయల లాంటి దాని మీద నిలబడి కాళ్ళాడిస్తుందా అని కొనేముందు ఆమెనే అడిగి ఉంటే బాగుండేది.

జాగ్రత్తపడాల్సిన చోటు కూడా ఒకటి ఉంది. నడక దారికి అడ్డమేమిటని అడిగితే మొదట వచ్చే జవాబు తోపుడుబండి. తీసేయించండి అంటారు. ఆ బండివాడూ ఈ కొండ మీదివాడే, కొన్నిచోట్ల అదే సంఘంలో సభ్యురాలి మొగుడు. రాత్రి తొమ్మిది దాకా అరటిపండ్ల బండి దగ్గర వెలిగే బల్బు వల్లే ఆ మలుపులో ఆడవాళ్ళు ధైర్యంగా నడుస్తున్నారని కాస్త మాట్లాడిస్తే వాళ్ళే చెబుతారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళకూ చోటు చూపించాలి, టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ళ ప్రతినిధులు ఉండాలి. బండిని రెండడుగులు పక్కకు జరిపితే తీరే ఇబ్బందికి ఒకరి కడుపు కొట్టడం దేనికి? నేర్పేవాడు ఈ చర్చ జరగనివ్వాలి, తను తీర్పు చెప్పకూడదు.

ఎవరిని అడగాలన్నది ఇంకో పాఠం. జనానికి తెలిసింది కార్పొరేటరు, ఆపైన ఎమ్మెల్యే. పని ఉన్నది మాత్రం వేరేవాళ్ళ బల్ల మీద. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో ఎమెనిటీస్ సెక్రటరీ ఉంటారు. మెట్లూ కాలువలూ దీపాలూ వాళ్ళ దగ్గర మొదలవుతాయి. ఎస్టిమేటు వేసేది ఇంజనీరింగ్ విభాగం అసిస్టెంట్ ఇంజనీరు. డబ్బు ఏ పద్దులోంచి అన్నది పైవాళ్ళు చూస్తారు. సోమవారం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. తెలంగాణలో ఇదే పని ప్రజావాణి చేస్తుంది. అక్కడ 2019 మునిసిపల్ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, పేరున్న పౌరులకు ఒకటి, ఒక్కొక్కదానిలో పదిహేనుమంది. మీ వార్డులో ఆ కమిటీల్లో ఎవరున్నారో ఎప్పుడైనా అడిగారా? అడగండి. ఆ జాబితా మీకు ఇవ్వాల్సిందే.

తర్వాత మాట్లాడటం సాధన చేయించాలి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ నేను తీసుకోను. ఆటలో ఎంత ఆడినా మైదానంలో దిగేముందు ఒక ప్రాక్టీసు మ్యాచ్ కావాలి. సంఘంలో ఒకావిడ కుర్చీ వేసుకుని కమిషనర్ అవుతుంది. ఎదురుగా నిలబడ్డావిడకు రెండు నిమిషాలు. కమిషనర్ పాత్రలో ఉన్నావిడ, "బడ్జెట్ లేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అంటుంది. అప్పుడేమనాలి? మొదటిసారి అందరూ "సరే సార్" అనేసి వచ్చేస్తారు. రెండోసారి ఒకమ్మాయి, "ఎస్టిమేటు ఇప్పుడు వేయించండి సార్, బడ్జెట్‌లో పెట్టేది వచ్చే ఏడాది పెట్టండి" అంటుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర సగం పని అయినట్టే. కొలతలు చేతిలో ఉంటే గొంతు దానంతటదే వస్తుంది. మా మెట్లు బాగోలేవండీ అని చెప్పడం కన్నా, ఈ మెట్టు పదకొండంగుళాలు ఉంది, ఇదిగో టేపు పెట్టి తీసిన ఫొటో అని చెప్పినప్పుడు ఎదుటివాడు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. ఫుట్‌పాత్ ఉన్న చోటయితే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ ప్రమాణం గుర్తుంచుకోవాలి. ఇళ్ళ మధ్య నడిచే వెడల్పు అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు, అంటే అరడుగుకు మించకూడదు. నడవడానికి ఫుట్‌పాత్ ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది కూడా.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఒక పాత కేసు చెబుతాను. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం ఇచ్చేశారు. చుట్టుపక్కలవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఇది మీ స్థలం కాదు కదా, మీకెందుకు అన్న వాదన వచ్చింది. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. పార్కు కోసం విడిచిన జాగాను అలా మార్చడం చెల్లదని, దాన్ని అడిగే హక్కు అక్కడ నివసించేవాళ్ళకు ఉందని తీర్పు ఇచ్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు. చాలా మంచి తీర్పు. అయితే అది సదాశివనగర్ ప్రాంతం, నగరంలోకెల్లా ఖరీదైన పేటల్లో ఒకటి. వాళ్ళకు లాయర్లు తెలుసు, లేఅవుట్ ప్లాను కాగితం వాళ్ళ బీరువాలో ఉంటుంది. మన లేఅవుట్లలోనూ పది శాతం ఖాళీ జాగా ప్రజల కోసం వదలాలన్న నిబంధన ఉంది. కానీ బస్తీ చాలాసార్లు లేఅవుటే కాదు. వదిలిన పది శాతం అంటూ అక్కడ ఏదీ ఉండదు. ఉన్నది ఈ మెట్లు, స్కూలు ఆవరణ, చర్చి ముందు జాగా, రామాలయం అరుగు. అందుకని బస్తీవాళ్ళు అడగాల్సినవి వేరు. బడి అయ్యాక స్కూలు గేటు సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచమని అడగడం కొత్త పార్కు అడగడం కన్నా ఎంతో చవక. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏదైనా పాడైతే బాధ్యత ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు జవాబు ముందే రాసుకుని వెళితే హెడ్మాస్టరు గారు కూడా కాదనలేరు.

ఈ శిక్షణ ఎవరివ్వాలి? కొత్తగా సంస్థ పెట్టనక్కరలేదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లోనే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఒక విభాగం ప్రారంభించి, బస్తీల్లో జనం చేతే పనులు చేయించే ప్రయత్నం చేసింది. దేశంలో అప్పట్లో అది పేరు మోసిన ప్రయోగం. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది. వీధి వీధికీ పొదుపు సంఘాలు, వాటి మీద సమాఖ్యలు, వాటికి ఆర్పీలు ఉన్నారు. అప్పు పుస్తకాలు రాయడం నేర్చుకున్నవాళ్ళకు మెట్లు కొలవడం కష్టమా? ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పని మానుకుని వచ్చేవాళ్ళకు ఆ పూట కూలి ఇవ్వాలి. ఊరి బాగు కోసం ఉచితంగా రండమ్మా అనేది నెలజీతం తీసుకునేవాళ్ళు చెప్పే మాట. కూలి ఇవ్వకపోతే వచ్చేది తీరిక ఉన్న నలుగురు నాయకులు. రెండు వారాల్లో సంఘం వాళ్ళదవుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. శిక్షణ ఇచ్చాం, ఇక మీ పేట మీ బాధ్యత అని సర్కారు చేతులు దులుపుకునే వీలుంది. అడిగినవాళ్ళకు ఇన్ని రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇస్తాం అని కార్పొరేషన్ ముందే మాట ఇవ్వని చోట ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆశ పెట్టి పంపితే తర్వాత పదేళ్ళదాకా ఆ పేటలో మీటింగుకు ఎవరూ రారు.

దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోండి, నంబరు సంఘం పుస్తకంలో రాయండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద, ఫలానా నంబరు దరఖాస్తు మీద ఏం చేశారు, ఎస్టిమేటు నకలు ఇవ్వండి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. ఎస్టిమేటు నకలు వస్తే గొట్టం మందమెంత, ఎన్ని అడుగుల పొడవు, ఎన్ని దీపాలు అన్నీ అందులో ఉంటాయి. పని మొదలైన రోజున ఆ కాగితమూ దర్జీ టేపూ పట్టుకుని కాంట్రాక్టరు మేస్త్రీ పక్కన ఎవరెవరు, ఏ పూట నిలబడాలో ముందుగానే పంచుకోండి. రెయిలింగు గొట్టం సిమెంటులో ఒక అడుగు దిగాలని రాసి ఉంటే, పూడ్చకముందే ఫొటో తీయాలి. పూడ్చాక చూడటం కుదరదు.